చవుడు నేలకు పరీక్ష ముందు, మందు తరువాత

వేసవి దుక్కుల కాలము సమీపించిన కొలదియు మన సహకార సంఘముల సమావేశములలో ఒక కోరిక మరల మరల వినవచ్చుచుండును. చవుడు భూములున్న సభ్యులందఱికిని జిప్సమును తలకిన్ని బస్తాల చొప్పున సమానముగా పంచిపెట్టవలెననునదే ఆ కోరిక. అడుగువారి ఆర్తిని మేమెఱుగుదుము. నాటిన పది దినములకే మడిలో అచ్చటచ్చట పైరు మాడిపోవుటయు, పెట్టిన నీరు క్రిందికి దిగక పైననే నిలిచి కుళ్లుటయు కన్నులార చూచినవాడు ఏ మందు దొరకినను తెచ్చి చల్లుటకు సిద్ధపడును. అయినను ఇట్టి సమాన పంపకము న్యాయమువలె కనబడు అన్యాయమని మా దృఢాభిప్రాయము. ఏలయన, చవుడు అను ఒక్క పేరుతో మనము రెండు వేఱువేఱు రోగములను పిలుచుచున్నాము. ఒకదానికి మందైనది రెండవదానికి వృథా. ఈ భేదము తెలియవలెనన్న ఆమ్లములును క్షారములును వేనిని కరగించును, వేనిని కరగింపజాలవు అను సంగతిని మొదట కొంచెము గ్రహింపవలెను. ఇది పండితులకు విడిచిపెట్టదగిన విషయము కాదు. మన వంటయింటిలోనే ఇందుకు తార్కాణములు గలవు.

ఇత్తడి బిందెకు కిలుము పట్టినప్పుడు మన స్త్రీలు చింతపండుతో తోముదురు. చింతపండులోని పులుపు ఆమ్లము. అది కిలుమును కరగించి నీటిలో కలిపివేయును, క్రింది లోహమును మాత్రము దాదాపుగా ముట్టదు. అదే చింతపండుతో నూనె జిడ్డు పట్టిన మూకుడును ఎంత తోమినను జిడ్డు వదలదు. దానికి బూడిదయో చాకలి సోడాయో కావలెను. ఇవి క్షారములు. క్షారము జిడ్డును పట్టి సబ్బుగా మార్చి నీటిలో కలియునట్లు చేయును. పూర్వము రజకులు చవుడు మన్నును తెచ్చి చాకిబానలో వేసి బట్టలు ఉడుకబెట్టుట ఇందుకొఱకే. ఆ మట్టిలో నున్నది సోడాయే. కావున కరగించుట యనునది బలమునుబట్టి మాత్రమే కాక స్వభావమునుబట్టియు జరుగును. నీరు కలిపిన గంధకామ్లము ఇనుమును తినివేయును, రాగిని తినజాలదు. గాజు సీసా ఘాటైన గంధకామ్లమును ఏండ్ల తరబడి భద్రముగా దాచును, కాని దాహక సోడా ద్రవము అదే గాజును మెల్లమెల్లగా తినును. బలమైనది గనుక అన్నిటికిని పనికివచ్చుననుట పొరపాటు. ఏది దేనికి విరోధియో తెలిసికొని వాడుట వివేకము.

ఆమ్లమును క్షారమును కలిసినప్పుడు రెండును తమ ఘాటును కోల్పోయి లవణమును నీరును అగును. ఘాటైనవి కలిసినచో ఆ కలయికలో మిక్కిలి వేడిమి పుట్టును. ఆమ్లము సున్నపురాయిపై పడిన యెడల నురుగు పొంగి బొగ్గుపులుసు వాయువు వెడలిపోవును, సున్నపురాయిలోని కాల్షియము నీటిలోనికి దిగును. ఈ రెండు సంగతులును చదువరులు జ్ఞాపకమందుంచుకొనవలెను. చవుడు నేల వైద్యమంతయు వీనిపైననే ఆధారపడియున్నది.

మొక్కకు దంతములు లేవు. నీటిలో కరగిన దానిని మాత్రమే అది వేళ్లతో త్రాగును. కరగనిది వేరు చెంతనే యున్నను దానికి లేనట్లే. వేళ్లు తామే బొగ్గుపులుసు వాయువును, కొన్ని మృదువైన ఆమ్లములను విడుచుచు మట్టిలోని ఖనిజములను కొంత కొంత కరగించుకొనును. ఆ శక్తి చాలని చోట మనుష్యుడు సహాయపడవలెను. ఎముకలలోని భాస్వరము నీటిలో కరగదు. దానిని గంధకామ్లముతో కరగించి మొక్కకు అందుబాటులోనికి తేవచ్చునని జర్మను రసాయన శాస్త్రజ్ఞుడు లీబిగ్ 1840లో సూచించెను. ఇంగ్లండులో లాస్ అను భూస్వామి 1842లో ఇట్టి ఎరువునకు పేటెంటు పొందెను. అదియే నేడు మనము వాడు సూపరు ఫాస్ఫేటు. మన దక్షిణ దేశమున ఉత్తర ఆర్కాటు జిల్లా రాణిపేటలో దాని కర్మాగారము 1906లో వెలసినది. గంధకామ్లము భాస్వరపు రాతిని కరగించినప్పుడు వెంట పుట్టునదే జిప్సము. విశాఖపట్టణము వంటి చోట్ల ఎరువుల కర్మాగారముల నుండి వచ్చు జిప్సము ఇట్టిదే. గనులలో త్రవ్వి తీయు జిప్సము మఱియొకటి. రెండును ఒకే పదార్థము, అనగా కాల్షియమును గంధకామ్లమును కలిసిన లవణము.

ఇక చవుడు భేదములు. మొదటిది పాల చవుడు. వేసవిలో తెల్లని పొర పాలు ఒలికినట్లు నేలపై పేరుకొనును. ఇందు ముఖ్యముగా నున్నవి ఉప్పును దానివంటి లవణములును. ఇవి నీటిలో సులభముగా కరగును. నేలయందు ఇవి అధికమైనప్పుడు తేమ యున్నను మొక్క దానిని పీల్చుకొనజాలక దప్పిగొని వాడును. కృష్ణా గోదావరీ డెల్టాల సముద్రతీర గ్రామములలో ఇట్టి నేలలు విశేషముగా గలవు. ఈ నేలలో మట్టి కణములు గుంపులుగా కూడి యుండును గనుక నీరు దిగుటకు దారి యుండును. కావలసినదెల్లను మంచి నీరు నిలువగట్టి ఆ లవణములను క్రిందికి దింపి మురుగు కాలువ ద్వారా పొలము దాటించుట. దీనికి జిప్సముతో పని లేదు.

రెండవది కారు చవుడు. ఇందు చాకలి సోడా, అనగా సోడియము కార్బొనేటు, చేరి యుండును. అది గట్టి క్షారము. సోడా జిడ్డును కరగించునట్లే ఇచ్చట మట్టిలోని కుళ్లిన ఆకు అలముల సారమును కరగించివేయును. నీరు ఆవిరియైన కొలదియు ఆ నల్లని సారము పైకి వచ్చి నేలపై మరకలు కట్టును. కారు చవుడు అను పేరు ఎంత సార్థకమో చూడుడు. కారు అనగా నలుపే గదా! అమెరికాలోని కాలిఫోర్నియా రైతులును ఇట్టి నేలను నల్ల క్షారమని తమ భాషలో పిలిచిరి. కారు చవుడులో సోడియము బంకమట్టి కణములను పట్టుకొని యుండును. దానివలన కణములు ఒకదానినొకటి విడిచి సన్నని బురదయై రంధ్రములను మూసివేయును. నీరు పెట్టిన దిగదు, ఆఱిన నేల రాయి యగును.

ఇచ్చటనే అసలు ప్రమాదమున్నది. పాల చవుడును బాగుచేయు మంచి నీటితోనే కారు చవుడును కడుగ బూనినచో మేలునకు బదులు కీడు కలుగును. కణములను కొంతవఱకు కూర్చి యుంచిన లవణములు కొట్టుకొనిపోవును, వానిని విడదీయు సోడియము మాత్రము నిలిచిపోవును. నేల మునుపటికంటె బిగుసుకొనును. అట్లే పాల చవుడుపై జిప్సము చల్లిన రైతు పైకము మట్టిపాలగును. ఉప్పు వెడలు దారి లేనిచోట మఱియొక లవణమును తెచ్చి పోసినట్లు మాత్రమగును. తరువాత ఆ రైతు జిప్సము పనికిరాదని ఊరంతయు చాటును. అతని మాట విని నిజముగా జిప్సము కావలసిన పొరుగువాడు దానిని ముట్టడు. సమాన పంపకమువలన ఇట్లు ఇద్దఱును చెడుదురు.

జిప్సము పులుపని, ఆ పులుపు క్షారమును చంపునని కొందఱు నమ్ముచున్నారు. అది సరి కాదు. జిప్సము ఆమ్లము కాదు. దాని పని వేఱు. అందలి కాల్షియము నీటిలో కరగి మట్టి కణములను పట్టుకొనిన సోడియమును త్రోసి ఆ స్థానమున కూర్చుండును. సోడియము గంధకామ్లపు లవణమై నీటిలోనికి వచ్చును. సోడాతో కలిసిన కాల్షియము కరగని సున్నపురాయి పొడిగా క్రిందపడును, సోడా ఘాటు తగ్గును. మట్టి యొక పదార్థమును పట్టి దానికి మాఱుగా మఱియొకదానిని విడుచునను సత్యమును ఇంగ్లండులో థామస్ వే అను రసాయన శాస్త్రజ్ఞుడు 1850లో ప్రకటించెను. మన జిప్సపు వైద్యము ఆ సత్యముపై నిలిచినదే. లెక్కకు 100 పాళ్ల సోడాను అణచుటకు సుమారు 162 పాళ్ల శుద్ధమైన జిప్సము కావలెను. మట్టిని పట్టిన సోడియమును తొలగించుటకు కావలసినది ఇంతకంటె వేఱు. నేలనుబట్టి ఈ మొత్తము మాఱుచుండగా తలకిన్ని బస్తాలనుట ఏ లెక్క?

జిప్సము మెల్లగా కరగును. ఒక లీటరు మంచి నీటిలో రెండున్నర గ్రాములకు మించి కరగదు. అనగా ఒక కిలో కరగుటకు 400 లీటర్ల నీరు కావలెను. ఎకరము నేలపై అంగుళము లోతు నీరనగా రమారమి లక్ష లీటర్లు. అది 250 కిలోల జిప్సమును మాత్రమే కరగించును. ఎకరమునకు 2 టన్నులు వేసినవాడు 8 అంగుళముల నీటిని నేలలోనికి దింపవలెను. సోడా యున్న నేలలో జిప్సము కొంత త్వరగా కరగునుగాని, నీరు లేక అది పని చేయదనుట నిశ్చయము. కావున గడ్డలుగా గాక మెత్తని పొడిగా తెచ్చి, పై నాలుగంగుళముల మట్టిలో కలిపి, గట్లు బిగించి, పది పదునైదు దినములు నీరు నిలువగట్టి, ఆ నీటిని మురుగులోనికి విడువవలెను. లోతుగా దున్ని క్రిందికి పోనిచ్చుట తగదు. తరువాత జీలుగ చల్లి పూతకు ముందు దుక్కిలో కలిపినచో అది కుళ్లునప్పుడు పుట్టు బొగ్గుపులుసు వాయువు నేలలోని సున్నపు కణికలను కొంత కరగించి మఱికొంత కాల్షియమును ఉచితముగా ఇచ్చును. మొదటి పంటగా వరి మేలు. కారు చవుడులో తుత్తునాగము కరగదు గనుక వరి ఆకులపై త్రుప్పు మచ్చలు కనబడును. ఎకరమునకు 20 కిలోల జింకు సల్ఫేటు వేయవలెను. యూరియాలోని నత్రజనియు ఇట్టి నేలలో అమోనియా వాయువై ఎగిరిపోవును గనుక ఒక్కసారి గాక కొద్దికొద్దిగా వేయుట మంచిది.

ఇచ్చట ఒక ఆక్షేపణ వినబడును. క్షారము రోగమైనప్పుడు ఆమ్లమే తిన్నని మందు గదా, గంధకామ్లమునే నీటిలో కలిపి పొలమునకు పాఱింపరాదా అని చదువుకొన్న యువకులు అడుగుచున్నారు. రసాయన శాస్త్రరీత్యా వారి మాట తప్పు కాదు. 100 పాళ్ల జిప్సము చేయు పనిని 57 పాళ్ల గంధకామ్లము చేయగలదు. సున్నపు కణికలున్న నేలలో ఆమ్లము వానిని కరగించి అచ్చటనే జిప్సమును పుట్టించును. ఆర్మీనియాలోను, అమెరికాలోను ఈ పద్ధతిని ఆచరణలో పెట్టిరి. అయినను అచ్చట తగిన యంత్రములును, శిక్షణ గల పనివారును గలరు. మన ఊళ్లలో ఆమ్లపు డబ్బా గడ్డివాము ప్రక్కన, పిల్లలు ఆడుకొను చోట నుండును. ఘాటైన గంధకామ్లములో నీరు పోసిన తక్షణమే అది కుతకుతలాడి ముఖముపైకి చిమ్మును. ఆమ్లమును నీటిలోనికి సన్నని ధారగా పోయవలెనే గాని నీటిని ఆమ్లములోనికి పోయరాదను నియమమును తెలియనివాడు ఒక్క క్షణములో కన్నులు పోగొట్టుకొనును. పొలమునకు కలుగు లాభము కూలివాని చూపునకు ఈడు కాదు. సంఘము ఆమ్లమును సభ్యులకు అమ్మరాదని మేము నిర్మొహమాటముగా చెప్పుచున్నాము. ఆమ్లము కావలసినచోట గంధకపు పొడిని వాడవచ్చును. 100 పాళ్ల జిప్సమునకు 19 పాళ్ల గంధకము సమానము. తేమయు వెచ్చదనము నున్న నేలలో సూక్ష్మజీవులు దానిని మెల్లగా ఆమ్లముగా మార్చును. అందులకు కొన్ని వారములు పట్టును, నేలలో సున్నము ఉండవలెను.

సున్నము చల్లిన చవుడు పోవునని మఱికొందఱందురు. ఇదియు పొరపాటే. సున్నము తానే గట్టి క్షారము. పులిసిన ఆమ్ల భూములకు సున్నము మందు. కారు చవుడుకు సున్నము వేయుట మంటలో కట్టె వేయుటయే. కన్నులలో పడిన సున్నమును తక్షణమే ధారాళముగా నీటితో కడుగవలెనను మాటయు ఇచ్చటనే చెప్పుచున్నాము. క్షారములు ఆమ్లములకంటె తక్కువ అపాయకరములని తలపరాదు. అవి మాంసమును కరగించుచు లోనికి దిగును.

మఱి ఏ నేల ఏదియని తెలియుటెట్లు? ఇంటి పరీక్షలు రెండు గలవు. ఒక పాలు మట్టిని అయిదు పాళ్ల వాననీటితో గాజు సీసాలో పోసి బాగుగా కుదిపి రాత్రియంతయు కదల్పక ఉంచుడు. తెల్లవాఱుసరికి నీరు తేటపడినచో పాల చవుడు కావచ్చును. బురదగానే నిలిచినచో కారు చవుడని అనుమానింపవలెను. రెండవది పసుపు పరీక్ష. పసుపులో సున్నము కలిపిన పారాణి ఎఱ్ఱబడుట మనమెఱుగుదుము గదా. తెల్ల కాగితమును పసుపు నీటిలో ముంచి నీడను ఆఱనిచ్చి ఆ మట్టినీటిలో తడిపినచో, గట్టి క్షారమున్న యెడల అది ఎఱుపు తిరుగును. ఇవి సూచనలే గాని ప్రమాణములు కావు. ప్రమాణము ప్రయోగశాల పత్రమే.

2015లో భారత ప్రభుత్వము నేల ఆరోగ్య పత్రముల పథకమును ఆరంభించినది. ఆ పత్రమునందు ఉదజని సూచిక యనియు, విద్యుద్వాహకత యనియు రెండు సంఖ్యలుండును. మొదటిది నేల ఘాటును, రెండవది కరగిన లవణముల మొత్తమును తెలుపును. ఉదజని సూచికను కోపెన్‌హాగెన్ నగరమున సోరెన్‌సెన్ 1909లో ఏర్పఱచెను. 7 మధ్యస్థము, అంతకు తక్కువ ఆమ్లము, ఎక్కువ క్షారము. ఒక్కొక్క మెట్టునకు పదింతలు భేదము గనుక 8.5కును 9.5కును గల అంతరమును స్వల్పమని ఎంచరాదు. సూచిక 8.5కు మించినచో కారు చవుడు. సూచిక అంతకు లోపల నుండి విద్యుద్వాహకత హెచ్చుగా నున్నచో పాల చవుడు. రెండును హెచ్చినచో రెండు రోగములును కలిసినవి. అట్టిచోట ముందుగా జిప్సము వేసి తరువాతనే కడుగవలెను. విద్యుద్వాహకతకు 4 హద్దని పుస్తకములలో నుండును. అది ముద్దచేసిన మట్టి నుండి లాగిన నీటికి వర్తించును. మట్టికి రెండు రెండున్నర పాళ్ల నీరు కలిపి చూచు మన ప్రయోగశాలల లెక్కలో 1 దాటినప్పుడే మొలకకు జాగ్రత్త వలయును.

పరీక్షకై వేచినచో కాలము మించిపోవునని కొందఱి భయము. కోత ముగిసిన వెంటనే మట్టిని పంపినచో ఈ భయమునకు తావు లేదు. తెల్ల మరక, నల్ల మరక, మంచి నేల, వీని మట్టిని వేఱువేఱుగా తీయవలెను. అన్నిటిని కలిపినచో సగటు వచ్చును గాని రోగము బయటపడదు. అరడుగు లోతు వఱకు పలుచోట్ల తీసి కలిపి, అందుండి అరకిలో పంపిన చాలును. బోరు నీటిని కూడ పరీక్షింపవలెను. నీటిలోనే సోడా యున్న యెడల బాగుపడిన నేల కొన్ని ఏండ్లకు మరల చెడును.

కావున మన సంఘములు ఈ మూడు నిర్ణయములను చేయవలెనని మా మనవి. నేల పత్రములోని ఆ రెండు సంఖ్యలను చూడనిదే జిప్సమునకు అప్పుగాని సరకుగాని ఇయ్యరాదు. ఇచ్చునప్పుడు ప్రయోగశాల తేల్చిన అక్కఱనుబట్టి ఇయ్యవలెను, ఒకనికి ముప్పది బస్తాలు, మఱియొకనికి ఏమియు లేకుండుట అన్యాయము కాదు. జిప్సము అక్కఱలేని పాల చవుడు రైతుకు ఆ సొమ్ము మురుగు కాలువ పనికి దక్కవలెను.

ఈ మూడవదానిని గూర్చి ఒక్క మాట. కరగించిన దానిని పొలము దాటింపనిచో ఏ మందును మందు కాదు. సోడియమైనను ఉప్పైనను నీటితో వెడలవలెను, ఆ నీరు పోవుటకు దారి కావలెను. ఒక రైతు తన గట్టు తెగగొట్టినచో ఆ నీరు పొరుగువాని మడిలో పడి తగవులు పుట్టును. మురుగు కాలువను ఒంటరిగా త్రవ్వగలవాడెవడును లేడు. పై పొలము వారును క్రింది పొలము వారును విస్తీర్ణమునుబట్టి ఖర్చు పంచుకొని, ప్రధానమైన మురుగు వఱకు ఒకే వాలుగా త్రవ్వి, ఏటేట తూడు తీయించవలెను. జిప్సము బస్తాను అంగడిలో ఎవడైనను కొనవచ్చును, మురుగు కాలువ మాత్రము పదిమంది కూడిననే గాని సాధ్యము కాదు. సహకార సంఘము ఉన్నది ఇట్టి పనుల కొఱకే. రాబోవు సర్వసభ్య సమావేశమున బస్తాల లెక్క అడుగుటకు ముందు, ప్రతి సభ్యుడును తన నేల పత్రమును చేతబట్టుకొని రావలెనని కోరుచున్నాము.